గురువారం సంచి

మా ట్రాఫిక్ కాలనీ పాతవాళ్లకి ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్ల మధ్య పుట్టి పెరిగి, ఇప్పుడు తలో దిక్కున ఉన్న తెలుగువాళ్లం అందరం అందులో ఉన్నాం. పొద్దున్నే దేవుళ్ల బొమ్మలు, సాయంత్రం మోకాళ్ల నొప్పులకు చిట్కాలు. మొన్న అందులో ఎవరో మా ప్యాసింజర్ ఫోటో పెట్టారు. నల్లటి ఇంజను, వెనక ఎర్రటి పెట్టెలు, కిటికీల్లోంచి చేతులు, తలలు. కింద ‘మన బంగారు రోజులు’ అని రాశారు. దీపాలు పెట్టే వేళకి చేతులు జోడించిన బొమ్మలూ కన్నీళ్లు కార్చే బొమ్మలూ వరసగా వచ్చి పడ్డాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడవడానికి ఖర్చేముంది, అందరూ ఏడుస్తారు. ఆ రైలు దానంతట అది పోలేదు. దాన్ని పోగొట్టింది ఆ గ్రూపులో ఉన్నవాళ్లమే, మా పెద్దవాళ్లే. అందులో మొదటి చెయ్యి నాది. ఈ మాట నేను నలభై ఏళ్లకు పైగా ఎవరితోనూ అనలేదు, మా అమ్మతో కూడా.

అమ్మ కిందటి చలికాలంలో చనిపోయింది. చివరిదాకా నాతోనే, ఖరగ్‌పూర్‌లోనే ఝపటాపూర్‌లో ఈ రెండు గదుల ఇంట్లోనే ఉంది. ఆమె ట్రంకు పెట్టె తెరవడానికి నాకు చాలా రోజులు పట్టింది. తెరిస్తే పైన నాన్న రైల్వే కార్ఖానా చొక్కా, దాని కింద నాలుగు చీరలు, అట్టడుగున ఒక ఖాకీ గుడ్డ సంచి. దాని మూతికి నీలం అంచు పేలిక, పేలికకి మూడు ముళ్లు. ఆ సంచి ఏదో నాకు చూడగానే తెలిసింది. ఒక గురువారం వెళ్లాల్సింది, వెళ్లలేదు. లోపల ఖర్జూరపు బెల్లం రాయిలా మారి ఉంటుందనుకున్నాను, మరమరాలు పిండైపోయి ఉంటాయనుకున్నాను. విప్పడానికి మనసు రాలేదు. అలాగే గూట్లో పెట్టి ఉంచాను.

ఆ ముళ్ల సంగతి చెప్పాలి. మా ప్యాసింజర్ రోజూ మధ్యాహ్నం ఖరగ్‌పూర్‌లో బయలుదేరి, తీరం పట్టుకుని ఒడిశా అంతా నెమ్మదిగా దాటి, మర్నాడు పొద్దున్నకి మా శ్రీకాకుళం వైపు ఊళ్లలోకి వచ్చేది. ఎక్స్‌ప్రెస్‌లు కన్నెత్తి చూడని స్టేషన్లన్నిటిలోనూ అది ఆగేది. కాలనీలో ఏ రోజు చూసినా ఆ రైలెక్కే వాళ్లు నలుగురైదుగురు ఉండేవాళ్లు, పెళ్లికనో, చావుకనో, ఊడ్పులకనో. ఊళ్లో తమవాళ్లకి ఏదైనా పంపాలనుకున్న వాళ్లు సంచి కట్టి, ఆ వెళ్లేవాళ్ల చేతికిచ్చేవారు. అవతల ఆ స్టేషన్లో తమ మనిషి వచ్చి కిటికీ దగ్గర అందుకునేది. అందుకునే వాళ్లలో ఎక్కువమందికి చదువు లేదు. పేరు రాస్తే ఏం లాభం? అందుకని ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉండేది. కొందరు పసుపు గుడ్డ కట్టేవారు, కొందరు జనపనారతో జడ అల్లేవారు. మాది నీలం పేలిక, మూడు ముళ్లు. అమ్మమ్మకి చూపు మందగించాక రంగు తెలిసేది కాదు. చేతితో తడిమి ముళ్లు లెక్కపెట్టుకునేది.

పలాస దాటాక ఒక చిన్న హాల్టు అమ్మమ్మది. ప్లాట్‌ఫాం అంటే నేల మీద పోసిన కంకర, టికెట్ గది అంటే నలుగురు నిలబడితే నిండిపోయే రేకుల కొట్టు. తాతయ్య లేడు, అమ్మ తప్ప పిల్లలు లేరు. బస్సెక్కితే కడుపులో ఉన్నది బయటికొచ్చేది, అందుకని ఆ హాల్టు దాటి ఆవిడ ఎక్కడికీ వెళ్లేది కాదు. శుక్రవారం పొద్దున్నే ఇల్లు అలికి, తలంటుకుని, తడి జుట్టుతో వచ్చి ఆ కంకర మీద కూర్చునేది. నోట్లో చుట్ట, నిప్పున్న కొస లోపలికి. అడ్డపొగ అంటారు, మా వైపు ముసలమ్మలందరికీ అలవాటే. రైలొచ్చేసరికి చుట్ట తీసి చెవి వెనక పెట్టుకునేది. తన సంచి పైకందించి, మా సంచి కిందికి పుచ్చుకునేది. రెండు నిమిషాల ఆగుడు. ఆవిడ సంచి తిరుగు రైల్లో వచ్చే వారానికి ఖరగ్‌పూర్ చేరితే, విప్పగానే ఇల్లంతా చుట్ట కంపు, చింతపండు పులుపు, ఎండు నెత్తళ్ల వాసన. చోడి (రాగి) పిండి మూటలో జీడిపప్పులు దాచి పంపేది. నాన్న ముక్కు మూసుకుని, “మీయమ్మ సుట్ట కూడా పంపేసినట్టుంది సూడు,” అనేవాడు. అమ్మ మాత్రం ఆ ఖాళీ సంచి నాలుగు రోజులు ఉతికేది కాదు. తలగడ కింద పెట్టుకునేది.

ఇక్కణ్ణుంచి వెళ్లేదాంట్లో మరమరాలు, చలికాలమైతే ఖర్జూరపు బెల్లం దిమ్మ, నాన్న కార్ఖానా క్యాంటీన్ సబ్బు, మందుల షాపు దాదా ఇచ్చిన కీళ్ల నూనె. గురువారం పొద్దున్నుంచీ మా ఇంట్లో అదే పని. కార్ఖానా మొదటి సైరన్‌కి అమ్మ పొయ్యి మీద బొగ్గు వేసేది, నాన్న వెళ్లాక సంచి ముందేసుకుని కూర్చునేది. ఏది కింద పెట్టాలి, ఏది పైన పెట్టాలి, నూనె సీసా ఒలికితే బెల్లం పాడవుతుంది కదా అని పది సార్లు తీసి సర్దేది. మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని స్టేషన్‌కి నడిచేది. ప్లాట్‌ఫాం పొడుగు ఎంతో మాకు కాళ్లే చెప్పేవి, ఎందుకంటే మా వాళ్లు ఎక్కేది ఎప్పుడూ చివరి పెట్టె, గార్డు డబ్బా పక్కది. గార్డు బెంగాలీ ఆయన, అన్నయ్య అన్నట్టు గార్డు దాదా అనేవాళ్లం. అమ్మని చూసి, “దీదీ, తుమ్హారా మా బైఠా హోగా ఉధర్,” అని నవ్వేవాడు, మీ అమ్మ అక్కడ కూర్చుని ఉంటుందని. ఆ హాల్టులో అమ్మమ్మ లేచి నడిచి వచ్చేదాకా పచ్చజెండా కాస్త ఆలస్యంగా ఊపేవాడని తర్వాత తెలిసింది.

ఆ చివరి పెట్టెలో ఎవరూ టికెట్ కొనేవారు కాదు. ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. రైల్వే వాళ్లకి పాసులుంటాయి, కానీ చిన్న ఉద్యోగాల వాళ్లకి ఏడాదికి వచ్చేవి తక్కువ. వాటిని తిరుపతికో, కూతురి పురుడుకో దాచుకునేవాళ్లు. ప్యాసింజర్‌కి పాసు వాడటం దండగ. ఎవరైనా అడిగితే ఒక్క మాట చాలు, “స్టాఫ్.” అడిగేవాడూ స్టాఫే, వాడి అన్న మా వెనక లైనులోనే ఉండేవాడు. తల ఊపి వెళ్లిపోయేవాడు. మేము దాన్ని దొంగతనం అనుకోలేదు. ఎవరింట్లో వాళ్లు తిరగడానికి చీటీ ఏమిటి? నాన్నలాంటి వాళ్లు ఇంజన్ల కింద పడుకుని బోల్టులు బిగించిన రైలు అది. టికెట్ కొనడమంటే మా అమ్మకి నామోషీ. కొన్నవాణ్ణి చూసి, “పాపం, ఎవరో బయటోడు,” అనేది.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు నాన్న ఉద్యోగంలో ఉండగానే పోయాడు. గుండె ఆగిపోయింది. ఆయన బదులు నాకు రైల్వే ఆఫీసులో టైపిస్టు పని ఇచ్చారు. కాలనీలో ఆడపిల్ల ఆఫీసుకి వెళ్లడం పెద్ద సంగతి. చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్లేదాన్ని, ఆఫీసు కబుర్లు ఇంటికి తెచ్చేదాన్ని. ఫలానా ఆయనకి బదిలీ అంట, ఫలానా క్వార్టర్ ఖాళీ అవుతుందంట. అరుగుల మీది పెద్దవాళ్లు నన్ను పిలిచి కూర్చోబెట్టి అడిగేవారు. ఆ గొప్ప నా తలకెక్కింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ అప్పుడు నేను చాలా తెలిసినదాన్నని నా నమ్మకం.

చేరిన మూడో నెలలోనో నాలుగో నెలలోనో ఒక ఉత్తరం నా బల్ల మీదికి వచ్చింది. రెండు పేజీలు. మొదటి పేజీ నాకిచ్చి, తొందరగా కావాలని రెండోది పక్కనున్న టైపిస్టుకిచ్చారు. నా పేజీలో ఉన్నది ఇది. వచ్చే గురువారం నుంచి మూడు రోజులు ప్రత్యేక సిబ్బంది మా ప్యాసింజర్‌లో ప్రతి పెట్టెలోనూ ప్రయాణం చేస్తారు, ప్రతి ప్రయాణికుడి టికెట్టూ పాసూ చూస్తారు. అంతే. ఎందుకు చూస్తారన్నది రెండో పేజీలో ఉంది. దాన్ని నేను చదవలేదు. చదవాలని కూడా తోచలేదు. ఇంటికి వచ్చేసరికి అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది.

“అమ్మా, ఈ వారం పేసింజర్లో ఎవలూ ఎల్లొద్దని సెప్పు,” అన్నాను. “పెద్ద చెకింగ్ వొస్తన్నాది. మూడు దినాలు.”

అమ్మ చేట కింద పెట్టింది. “చెకింగా? మన పెట్టెలోనా? ఎవలు సెప్పినారే నీకు?”

“ఎవలో సెప్పడమేటి, నాను టైపు సేసినాను. ఈ సేతుల్తోనే.”

“గురువారం మరి సంచి?”

“ఒక్క వారం మానితే ఏటైపోద్ది? దొరికితే ఉద్యోగాలు పోతాయి. నాకూ సుట్టుకుంటాది.”

అమ్మ చేటెడు బియ్యం అలాగే వదిలేసి, కొంగు దోపుకుని లైను మొదటింటి నుంచి చివరింటి దాకా వెళ్లి చెప్పి వచ్చింది. ఊరెళ్లాల్సిన వాళ్లు ప్రయాణాలు మానుకున్నారు. ఒకరు తోడల్లుడి గృహప్రవేశం మానుకున్నారు. మా కాలనీ నుంచి పక్క కాలనీలకి, అక్కణ్ణుంచి సుభాష్‌పల్లిలో ఉన్న మనవాళ్లకి కబురు పాకింది. దారి పొడుగునా స్టేషన్లలో పనిచేసే మా బంధువులకి రైల్వే ఫోన్లలో చెప్పేశారు. మా వాళ్లు మాట మీద ఇంత గట్టిగా నిలబడింది నేను అదొక్కసారే చూశాను.

ఆ గురువారం అమ్మ సంచి సర్దింది. వద్దన్నా సర్దింది. మూడు ముళ్లూ వేసి, ఎవరైనా టికెట్ కొని వెళ్లేవాళ్లు ఉంటారేమో ఇచ్చి వద్దామని స్టేషన్‌కి వెళ్లింది. చివరి పెట్టె కిటికీలన్నీ తెరిచే ఉన్నాయట, లోపల ఒక్క మనిషి లేడట. గుమ్మంలో ఒకాయన అట్ట మీద కాగితం పెట్టుకుని నిలబడి ఉన్నాడట. అమ్మ భయపడి సంచి కొంగు కింద దాచుకుని తిరిగొచ్చేసింది. మర్నాడు పొద్దున్న అమ్మమ్మ తలంటుకుని వచ్చి కంకర మీద కూర్చునే ఉంటుంది కదా అని ఆ రాత్రి అన్నం తినలేదు. వచ్చే వారం రెండు సంచులు పంపుదువులే అని నేను కసురుకున్నాను. వచ్చే వారం అమ్మ వేరే సంచి కట్టి పంపింది, ఈ సంచి ఊసు మళ్లీ ఎత్తలేదు.

పది రోజుల తర్వాత ఆఫీసులో టీ వేళ, నేను గొప్పకి పోయి, పెద్ద గుమాస్తాతో అన్నాను, ప్యాసింజర్ చెకింగ్‌లో ఎవరూ దొరకలేదంట కదా అని. ఆయన కప్పు కింద పెట్టి, “చెకింగ్ కాదమ్మా, అది గిన్‌తీ,” అన్నాడు. మనుషుల లెక్క. ఎంతమంది ఎక్కుతున్నారు, అసలు ఈ రైలు ఎవరికైనా కావాలా అని చూసే లెక్క. పాసులు కూడా ఆ లెక్కలోకి వచ్చేవేనట. పెట్టెకి ముగ్గురు, నలుగురు ఉన్నారని రాశారు, చివరి పెట్టెకి సున్నా రాశారు. రెండో పేజీలో ఉన్నది అదే. నేను తల దించుకుని నా బల్ల దగ్గరికి వచ్చాను. అప్పుడే లేచి వెళ్లి, అయ్యా, ఆ మూడు రోజులూ మా వాళ్లని నేనే ఆపాను, ఇంకోసారి లెక్క కట్టండి అని చెప్పి ఉండొచ్చు. చెబితే ఆఫీసు కాగితం బయట పెట్టినందుకు నా ఉద్యోగం పోతుంది. నాన్న పోయిన ఇల్లు. నోరు మూసుకున్నాను. వానాకాలం వెళ్లాక రైలు రద్దు చేసిన ఉత్తరం వచ్చింది. అది ఒకటే పేజీ. మొత్తం నేనే టైపు చేశాను.

చివరి రోజు కాలనీ కాలనీ అంతా స్టేషన్‌కి వెళ్లింది. ఇంజనుకి బంతిపూల దండలేశారు, కొబ్బరికాయలు కొట్టారు. చివరి పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు, ఒకసారి ఎక్కుదామని హిజిలి దాకా, బెల్దా దాకా ఎక్కినవాళ్లే బోలెడుమంది. ఆ రోజు కూడా ఒక్కడూ టికెట్ కొనలేదు. గార్డు దాదా డబ్బా మెట్ల మీద నిలబడి అమ్మతో చాలాసేపు ఏదో మాట్లాడాడు. నేను దూరంగా ఉన్నాను, వినలేదు. అమ్మ తిరిగొచ్చి నా ముఖంలోకి ఒకసారి చూసింది. “పద, ఎల్దాం,” అంది. రైలెందుకు ఆపారని నన్ను ఎప్పుడూ అడగలేదు. నేను తయారుగా పెట్టుకున్న అబద్ధం అక్కర్లేకుండానే పోయింది.

అమ్మమ్మకి ఆ రైల్లో వెళ్లినవాళ్లే కబురు చెప్పారు. ఆవిడ నమ్మలేదు. “రైలు లేటవుద్ది గానీ, రాకపోడమేటి?” అందట. ఆ తర్వాత కూడా శుక్రవారాలు హాల్టుకి వచ్చి కూర్చునేదని, ఎండెక్కాక ఎవరో చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవారని విన్నాం. అమ్మ పాసు మీద ఎక్స్‌ప్రెస్‌లో పెద్ద స్టేషన్‌కి వెళ్లి, రెండు బస్సులు మారి, మూడేళ్లలో రెండుసార్లు చూసి వచ్చింది. రెండోసారి అమ్మమ్మ ఆమెని గుర్తుపట్టలేదు. సంచి ఏదని అడిగిందట.

మిగతా గురువారాలు అమ్మ మధ్యాహ్నం అన్నం తిని స్టేషన్ వైపు వెళ్లేది. ఎందుకమ్మా అంటే, “ఊరికినే,” అనేది. అలవాటు పడిన కాళ్లు, వెళ్లి ఆ రద్దీ చూసి వస్తుందిలే అనుకున్నాను. రిటైరయ్యాక కూడా నేను అలాగే అనుకున్నాను. నాలుగేళ్ల కిందట మంచం పట్టేదాకా ఆమె ఒక్క గురువారం మానలేదు.

అమ్మమ్మ పోయిన టెలిగ్రాం మాకు మూడో రోజున చేరింది. అప్పటికి దహనం అయిపోయింది. టెలిగ్రాం వచ్చింది గురువారం కాదు. అమ్మ ఏడవలేదు. తల మీద నీళ్లు పోసుకుని, తడి చీర మార్చుకుని, స్టేషన్‌కెళ్లొస్తానని వెళ్లింది. ఊరికి రైలు కనుక్కోవడానికి అనుకున్నాను. చీకటి పడుతుంటే వచ్చింది. పాదాలు చీలమండల దాకా ఎర్రమట్టి, ఒక కాలికి కంకర గీరుకుని రక్తం.

“ఏటి సేసినావమ్మా ఇంతసేపు?” అన్నాను.

“ఏటీ నేదే. ఊరికినే.”

ఈమధ్య విశాఖపట్నం వెళ్లే పని పడి ఆ దారిన వెళ్లాను. చల్లటి పెట్టె, తెరుచుకోని అద్దం. పలాస దాటినప్పటి నుంచి ముక్కు అద్దానికి ఆనించుకుని కూర్చున్నాను. హాల్టు వచ్చింది, రేకుల కొట్టుకి కప్పు లేదు, కంకర మీద తుమ్మ చెట్లు మొలిచాయి. ఇంతలోనే వెళ్లిపోయింది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి, ఏం చూస్తున్నారాంటీ అని అడిగింది. ఏమీ లేదన్నాను. ప్రయాణం ఎంత తొందరగా అయిపోతుందో ఆ అమ్మాయి చెబుతుంటే వింటూ కూర్చున్నాను. నిజమే, అప్పుడు రోజంతా పట్టేది. ఇప్పుడు పూట చాలు. కాకపోతే అప్పుడు చేరేవాళ్లం, చేరాల్సిన గుమ్మం ముందే దిగేవాళ్లం. ఇప్పుడు దిగడానికి ఆ ఊళ్లో మనిషి లేదు, ఆపడానికి రైలు లేదు, ఇద్దర్నీ లేకుండా చేసిన నేను ఏసీలో కూర్చుని ఇచ్చిన దుప్పటి కప్పుకుని వెళ్లాను.

మొన్న ఆ ఫోటో చూసిన ఉక్రోషంలో గ్రూపులో రాసేశాను. ఆ వారం జరిగింది చెకింగ్ కాదని, మనుషుల లెక్కని, మీ అందర్నీ ఆపింది నేనని. తర్వాత ఒకరు, “అయ్యో అక్కా, అప్పట్లో చెకింగ్‌లు అలాగే ఉండేవి,” అని రాసి రెండు చేతులు జోడించారు. ఆ కింద ఇంకొకరు ఎవరిదో పుట్టినరోజు కేకు పెట్టారు. ఫోన్ పక్కన పడేసి, గూట్లోంచి సంచి తీసి, ముళ్లు విప్పాను.

బెల్లం లేదు, మరమరాలు లేవు. అట్ట టికెట్లు. అప్పట్లో ఇచ్చే చిన్న చిన్న గోధుమరంగు అట్ట ముక్కలు, రబ్బరు బ్యాండ్లు చివికిపోయి గుట్టగా ఉన్నాయి. వాటి మీద, ఈ మధ్య ఏళ్లవి కంప్యూటర్ చీటీలు, అక్షరాలు సగం వెలిసిపోయి. అన్నీ ఒకటే. ఖరగ్‌పూర్ నుంచి హిజిలి. మా స్టేషన్ తర్వాత అమ్మమ్మ వైపు వచ్చే మొదటి స్టేషన్ అది, నడిచి కూడా వెళ్లిపోవచ్చు. అన్నిటికంటే చవక టికెట్. తేదీలు చూశాను, చేతికొచ్చినవన్నీ గురువారాలే. మొదటిది రైలు ఆగిపోయిన తర్వాతి వారానిది. వాటిలో ఒక్క అట్ట మీద కూడా గేటు దగ్గర కొట్టే చిల్లు లేదు. కొని, ఎక్కకుండా, ఇంటికి తెచ్చుకుంది. గార్డు దాదా ఆ రోజు మెట్ల మీద చెప్పింది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆ వైపు టికెట్లు కొనేవాళ్లు లేరని రైలు తీసేశారు కాబట్టి, కొనేవాళ్లుంటే తిరిగి వేస్తారనుకుంది. నామోషీ అనుకున్న మనిషి వారం వారం వరసలో నిలబడి కొంది. ఆఫీసులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసిన నాకు తెలుసు, ఆ టికెట్లు ఎవరి కంటా పడవు. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడిగితే నా తప్పు నా ముందు పెట్టినట్టవుతుందని అడగలేదు.

గుట్ట మొత్తం మంచం మీద పోసి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే, ఒకటి దొరికింది, చిల్లు ఉన్నది. దాని మీది తేదీ గురువారం కాదు. టెలిగ్రాం వచ్చిన రోజు. ఆ ఒక్క రోజు అమ్మ రైలెక్కింది. వాళ్లమ్మ వైపు, తన టికెట్ ఎంత దూరం చెల్లుతుందో అంత దూరం వెళ్లి, హిజిలిలో దిగి, పట్టాల పక్కన ఎర్రమట్టిలో నడుచుకుంటూ నా దగ్గరికి తిరిగి వచ్చింది.